నాలుగో మాట

నీలవ్వకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. తను కంప్యూటర్ ముందు కూర్చున్న వేళ, రెండున్నరేళ్ల బిడ్డ గంగామణి పసుపు ఉడికే కడాయిలో పడుతుందని. పాము భయం కాదు, మొగుడి నోటి భయం కాదు, నలుగురిలో నవ్వులపాలయ్యే భయమూ కాదు. ఆ కడాయి భయమే.

ఆ భయానికి ఒక ముఖం కూడా ఉంది. దొంకేశ్వర్‌లో బడికి పోయే రోజుల్లో రామవ్వ అనే పిల్ల ఆమె పక్కన కూర్చునేది. చిన్నప్పుడు కడాయి అంచున జారి, బతికి బయటపడ్డ పిల్ల. మోకాళ్ల కింద చర్మం మడతలు పడి, ఉడికి ఊడిన పసుపు పొట్టులా మెరిసేది. మాస్టరు పాఠం చెబుతుంటే నీలవ్వ ఆ కాళ్ల వైపు చూడకుండా బోర్డు వైపు చూడటానికి ప్రయత్నించేది. పదో తరగతి హాల్ టికెట్ వచ్చిన వారానికే నీలవ్వకు పెళ్లి చేసి ఆర్మూర్ పంపించారు. పరీక్ష రాయలేదు కానీ ఆ హాల్ టికెట్ నెంబరు ఇప్పటికీ నోటికి వస్తుంది. రామవ్వ కాళ్లు కూడా అట్లాగే గుర్తున్నాయి.

ఈ తొంభై ఆరు ఫిబ్రవరిలో పసుపు తవ్వకాలు మొదలైనప్పటి నుండి రోజూ పొద్దున ఒకటే తంతు. నాలుగింటికి లేవడం, వాకిలి ఊడ్చి చల్లడం, బర్రెకు గడ్డి వేయడం, జొన్నరొట్టెలు కాల్చి మొగుడికి ఒక గిన్నె, చేనుకు ఒక గిన్నె కట్టడం. ఎనిమిదింటికి అత్త లసుమవ్వ మనవరాలిని చంకనేసుకుని చేను దారి పడుతుంది. అక్కడ కడాయి, పొయ్యి. మగవాళ్లు కొమ్ములు కడాయిలో నింపుతారు, ఉడికాక తీసి కళ్లంలో పోస్తారు. మధ్యలో గంటల తరబడి పొయ్యి ముందు కూర్చుని, ఎండిన పసుపాకు, పుల్లలు తోస్తూ మంట ఆరకుండా, పెరగకుండా చూసేది ఆడవాళ్లు. అది పని కింద రాదు. "అవ్వ పొయ్యి కాడ కూసున్నది" అంటారు, ఏదో పెళ్లి పందిట్లో కూర్చున్నట్టు.

"అత్తమ్మా, పిల్ల పైలం" అంటుంది నీలవ్వ గడపలో నిలబడి, రోజూ.

"ముగ్గుర్ని పెంచిన. ఒక్కడన్న కడాయిల పడ్డడా? నీ పైలం నువ్వు సూసుకో, మిషిన్ కాడ" అంటుంది లసుమవ్వ వెనక్కి తిరగకుండానే.

ఇక గంగాకిషన్, ఆమె మొగుడు, మాట పడేయకుండా రొట్టె ముట్టడు. "నీకేంది, ఫ్యాన్ కింద కొలువు. గా ఫ్యాన్ గూడ నీ కోసం గాదు, మిషిన్‌కు ఉక్కపోస్తదని పెట్టిన్రు" అంటాడు. మాట నిజమే. మార్కెట్ యార్డు ఎదురుగా ఉన్న ఆ దుకాణపు మడిగెలో ఫ్యాన్ కంప్యూటర్ మీదికే తిరిగి ఉంటుంది. దాని గాలిలో మిగిలింది నీలవ్వకు.

మడిగె భూమేశ్వర్‌ది. నిజామాబాద్‌లో ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, పోయిన దసరాకు పెట్టాడు. అంతకుముందు ఏడాది, యార్డులో రైతుల సరుకు అమ్మిపెట్టే లింగన్న అనే అడ్తి వ్యాపారి దుకాణానికి నీలవ్వ ఇంట్లో కూర్చుని గోనె సంచులకు కట్టే చిట్టీలు చేత్తో రాసేది. ఊరు, రైతు పేరు, కుప్ప నెంబరు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ చిట్టీల పనిని భూమేశ్వర్ కంప్యూటర్‌కు మళ్లించుకున్నప్పుడు, చిట్టీలతో పాటు నీలవ్వనూ తీసుకున్నాడు. టైపు కొట్టడానికి అన్నాడు. మొదటి రోజే "చెల్లె, జర మడిగె ఊడ్వు" అన్నాడు. రెండో రోజు "చెల్లె, బిందె నింపు" అన్నాడు. మూడో రోజు నుండి పూటకు నాలుగు చాయ్‌లు. చెల్లె అన్నాక చాయ్ అడగడం ఎంత సులువో నీలవ్వకు అప్పుడు తెలిసింది. ఇంట్లో ఊడ్చి, ఇక్కడ ఊడ్చి, ఈ రెండు ఊడ్పుల మధ్య తను టైపు కొట్టే ఆ మూడు నాలుగు గంటలు మాత్రం ఎవరివీ కావు, తనవి. ఆ తెర మీద తెల్ల అక్షరం పడిన ప్రతిసారీ, రాయని పరీక్షలో ఒక్కో జవాబు రాస్తున్నట్టు ఉండేది.

చిట్టీల కోసం భూమేశ్వర్ డాస్‌లో, కంప్యూటర్ వరసగా చేయాల్సిన పనులు చెప్పే ఒక చిన్న బ్యాచ్ ఫైలు రాశాడు. "చిట్టీ" అని కొట్టి, కొంచెం చోటు వదిలి ఊరు, మళ్లీ చోటు వదిలి పేరు, మళ్లీ చోటు వదిలి నెంబరు కొట్టాలి. "మూడు మాటలు చెప్పు. మధ్యల గీత పెట్టి అతికి, ప్రింటర్‌కు అదే పంపిస్తది. నువ్వు నీ తెలివి, అక్కల్ వెట్టకు, కొట్టు గంతే" అన్నాడు. నవీపేట్ పోచన్న ఇరవై అని కొడితే, ప్రింటర్ కరకరమని "నవీపేట్-పోచన్న-20" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి ఇచ్చేది. హమాలీలకు ఇంగ్లీషు రాదు, అంకె వస్తుంది. అంకె చూసి సంచిని ఆ కుప్ప దగ్గర దించేవారు.

ఆ సోమవారం పదకొండింటికి యార్డులో అరుపులు వినిపించాయి. మెండోర నుండి ఇద్దరు అన్నదమ్ములు పసుపు తెచ్చారు. తాత పేరని ఇద్దరికీ గంగాదాస్ అనే పెట్టారు. పెద్దవాడిని ఊరికే గంగాదాస్ అంటారు, రెండోవాడిని చిన్న గంగాదాస్ అంటారు. బావి దగ్గర నీళ్ల వంతు మీద ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. చిన్న గంగాదాస్ సంచుల చిట్టీల మీద నెంబరు లేదు. హమాలీలు పేరు చదివించుకుంటే, చదివినవాడు చిన్న అనే మాట వదిలేసి గంగాదాస్ అన్నాడు కాబట్టి పెద్దవాడి కుప్పలో కుమ్మరించారు. పదిహేడు సంచుల పసుపు కలిసిపోయింది.

చిన్న గంగాదాస్ ఆ కుప్ప మీదికెక్కి, రెండు పిడికిళ్ల నిండా కొమ్ములు ఎత్తి అరుస్తున్నాడు. "గీ కొమ్ము నాది! నా బిడ్డ మొకం నేను గుర్తువట్టనా? మా అన్న పసుపు ఉడకనే లేదు, ఇర్గతలేదు సూడున్రి!"

"నాది ఉడకలేదంటవురా? మా అవ్వ చేతి మంట గది!" అని పెద్దవాడు.

లింగన్న చిట్టీ చేతబట్టుకుని మడిగెలోకి వచ్చాడు. వెనకాలే నలుగురు. భూమేశ్వర్ చిట్టీ చూశాడు. "మెండోర-చిన్న-గంగాదాస్" అని ఉంది. అంతే. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"నెంబర్ కొట్టుడు మర్శిపోయింది అన్నా. ఆడివిల్ల మిషిన్ కాడ కూసుంటె గింతే. మనసంత ఇంటి కాడనే ఉంటది."

"నేను కొట్టిన అన్నా" అంది నీలవ్వ. "పద్నాలుగు అని కొట్టిన. మంచిగ యాదికున్నది."

"కొడితే ఏడికి వాయె? మిషిన్ మింగిందా?" లింగన్నతో సహా అందరూ నవ్వారు. భూమేశ్వర్ చెప్పులు తొడుక్కుంటూ గొంతు తగ్గించాడు, దయగా. "రేపటి సంది రాకు చెల్లె. చిన్న పిల్ల గూడ ఉండె నీకు. ఇంటి కాడ ఉంటె పిల్ల భయం గూడ ఉండదు గద." గొడవ సర్దడానికి లింగన్నతో యార్డులోకి వెళ్లిపోయాడు.

ఆ ఆఖరి మాట నీలవ్వకు గుచ్చుకుంది, ఎందుకంటే అది ఆమె లోపలి భయాన్ని దొంగిలించి ఆమె మీదికే విసిరిన మాట. ఇంటి దగ్గర ఉంటే భయం ఉండదట. పోయినేడు పొయ్యి ముందు కూర్చున్నది ఎవరు? తనే. వీపున బిడ్డ, ముందర మంట, పక్కన కుతకుత ఉడికే కడాయి. ఒక చేత్తో ఆకు తోస్తూ, ఇంకో చేత్తో వెనక్కి తడుముకుంటూ, పిల్ల ఉందా జారిందా అని. అప్పుడూ ఇదే భయం. అప్పుడు ఎవరూ దాన్ని భయం అనలేదు, తల్లితనం అన్నారు. గడప దాటి వచ్చాక అదే భయానికి నిర్లక్ష్యం అని పేరు పెట్టారు. బిడ్డను చూసుకోవడం ఒక పని అని, ఆ పనికి ఒక మనిషి కావాలని, ఆ మనిషి చేతిలో అదే సమయంలో ఇంకో పని ఉండకూడదని ఇంతమందిలో ఒక్కరికీ ఎందుకు తట్టదు? తనకు మాత్రం తట్టిందా, ఈ నిమిషం దాకా?

ఆమె లేచి వెళ్లలేదు. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"టైప్" అని కొట్టి ఫైలు పేరు కొడితే లోపల ఏం రాసి ఉందో కనపడుతుందని ఎప్పుడో చూసి పెట్టుకుంది. చూసింది. ఇంత పెద్ద ఫైలు అనుకున్నది, తీరా రెండే వరసలు. రెండో వరసలో ఒకటో మాట, గీత, రెండో మాట, గీత, మూడో మాట. అయిపోయింది. నీలవ్వ ఆ వరసను వేలితో చదివింది. తర్వాత "చిట్టీ" అని కొట్టి, అక్క, బావ, అవ్వ, నాయిన అని నాలుగు మాటలు కొట్టింది. ప్రింటర్ "అక్క-బావ-అవ్వ" అని ఇచ్చింది. నాయిన లేడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మధ్యలో చోటు కనపడితే మిషన్‌కు అది కొత్త మాట. చిన్న ఒక మాట, గంగాదాస్ ఇంకో మాట. ఊరితో కలిపి మూడయ్యాయి. పద్నాలుగు నాలుగో మాట. నాలుగో మాటకు ఆ ఫైలులో జాగా లేదు. మెండోరలో, నవీపేట్‌లో, ఇటు పక్క ఏ ఊళ్లో చూసినా ఇంటికొక చిన్న ఉంటాడు, వాడకొక పెద్ద ఉంటాడు. ఆ సంగతి నిజామాబాద్ కోర్సులో ఎవరూ చెప్పలేదు. చిన్నప్పటి నుండి వింటున్న భూమేశ్వర్‌కు మిషన్ ముందు గుర్తు రాలేదు.

ఒక్కో పేరు కొట్టి చూస్తూ పొద్దు తెలియలేదు, గోడ మీద గడియారం మూడున్నర చూపించింది. నాలుగింటికి ఆమె బయల్దేరాలి. నాలుగు దాటితే చేనులో రెండో కడాయి ఎక్కుతుంది, మంట పెద్దది చేస్తారు, నిద్ర లేచిన పిల్ల అప్పుడే తిరుగుతుంది. పోదామని లేచింది. లేచి, నిలబడి, మళ్లీ కూర్చుంది. ఇవాళ పోతే ఈ తప్పు తనదిగా మిగిలిపోతుంది. రేపు పిల్లతో పాటు తనూ ఆ పొయ్యి ముందరే, పదేళ్లయినా అక్కడే.

టేబుల్ సొరుగులో భూమేశ్వర్ కోర్సు కాగితాలు ఉన్నాయి, జిరాక్సువి. ముందు పేజీలు నలిగాయి, వెనక పేజీలు చాయ్ మరకతో ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అంటే అతను అక్కడి దాకా రాలేదు. నీలవ్వ గోరుతో నెమ్మదిగా విడదీసింది. "సెట్" అని ఒక మాట ఉంది, ఒక పేరు పెట్టి అందులో అక్షరాలు దాచుకోవడానికి. ఆమె దానికి పట్టీ అని పేరు పెట్టుకుంది. దాచిన దానికే వెనక ఇంకొన్ని అతికి, మళ్లీ అదే పేరు మీద దాచుకోవచ్చు. "షిఫ్ట్" అని ఇంకొకటి, ముందున్న మాటను తీసేసి వెనక మాటలను ఒక్కో అడుగు ముందుకు జరపడానికి. ఇంగ్లీషు సగం అర్థమైంది, మిగతా సగం ఉదాహరణలు చూసి ఊహించింది. మూడు మాటలని ఎందుకు లెక్కపెట్టాలి? ముందున్న మాట తీసుకో, పట్టీకి అతుకు, జరుపు, మళ్లీ ముందున్నది తీసుకో. మాటలు అయిపోయేదాకా. ఎన్ని ఉంటే అన్ని.

రెండు వేళ్లతో కొట్టింది. తప్పులు పోయాయి, మళ్లీ కొట్టింది. "మెండోర చిన్న గంగాదాస్ 14". ప్రింటర్ కదిలింది. "-మెండోర-చిన్న-గంగాదాస్-14". మొదట్లో ఒక గీత ఎక్కువ వచ్చింది. రానీ.

సంబరపడి రెండోది కొట్టింది, నవీపేట్ పోచన్న. వచ్చిన చిట్టీ మీద చిన్న గంగాదాస్ మొత్తం ఉన్నాడు, ఆయన వెనక పోచన్న. మూడో చిట్టీలో ముగ్గురు. అయిదో ఆరో చిట్టీకి ఇక చోటు లేదని తెర మీద ఇంగ్లీషులో ఒక వరస పడి మిషన్ మొండికేసింది. చెడగొట్టానా? గడియారం వైపు చూడకుండా, ఆ అయిదు చిట్టీలను ఒకదాని కింద ఒకటి పరుచుకుని చూసింది. మొదటిది బాగానే ఉంది. రెండోదానికి మొదటిది అంటుకుంది. మిషన్ మర్చిపోవడం లేదు. నిన్నటిది ఇవాళ్టికి మోస్తోంది.

అది ఆమెకు ఎంత బాగా తెలుసో! పొద్దున లేవగానే నిన్నటి మాటలు ముందర పెట్టుకునే కదా తను వాకిలి ఊడ్చేది. ఫ్యాన్ మాట, దానికి అతికి పెళ్లయిన కొత్తలో "పది గూడ పాస్ గాలే, ఇంగిలీషు" అన్న మాట, దానికి అతికి ఆడపిల్ల పుట్టినరోజు దవాఖాన వరండాలో లసుమవ్వ అన్న మాట. కొత్త రోజుకు చోటే లేకుండా. కాగితాలు మళ్లీ తిప్పింది. సెట్, పట్టీ పేరు, సమానం గుర్తు, దాని తర్వాత ఏమీ రాయకుండా వదిలేస్తే పట్టీ ఖాళీ అవుతుంది. ఇంతేనా? ఆ ఒక్క వరసను ఫైలులో అన్నిటికంటే పైన పెట్టింది, ఏ పేరూ తీసుకోకముందే. తర్వాత ఒక్కొక్కటిగా పన్నెండు చిట్టీలు కొట్టింది. ఎవరి చిట్టీ మీద వాళ్లే ఉన్నారు.

అయిదింబావుకు భూమేశ్వర్, లింగన్న చెమటలు కక్కుతూ వచ్చారు. నీలవ్వ చిట్టీలు చేతికిచ్చింది. లింగన్న ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "గిప్పుడు సక్కగ వచ్చింది గద! ఏం జేసినవ్ భూమేశ్?"

భూమేశ్వర్ తెర వైపు చూశాడు. అక్కడి వరసల్లో సగం అతనికి కొత్త. అయినా, "మన ప్రోగ్రామే అన్నా. జర మార్సినం" అన్నాడు.

"నేను మార్సిన" అంది నీలవ్వ. "నెంబర్ నేను కొట్టిన పొద్దుగాల. ఫైల్ల నాలుగో మాటకు జాగ లేకుండె. గిప్పుడు పెట్టిన."

లింగన్న ఆమెను, పొద్దున తను నవ్విన మనిషిని, మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ముంగట గీ గీత ఎందుకొచ్చింది మల్ల?" అన్నాడు భూమేశ్వర్, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"గది ఉంటె ఏం గాదన్నా. రేపు తీస్త." సంచీ భుజానికి వేసుకుంది. "రేపు నా బిడ్డను తోలుకొస్త. గీ మూలకు సాప ఏసి కూసోవెడ్త. ఊడ్సుడు, చాయ్ వెట్టుడు నాతోని గాదు ఇగ, టైపే కొడ్త. వద్దంటె గిప్పుడే చెప్పు."

భూమేశ్వర్ లింగన్న వైపు చూశాడు. లింగన్న చిట్టీలు జేబులో పెట్టుకుంటూ, "రేపు దొంకేశ్వర్ బండ్లు వస్తయి. అందరు చిన్నలే, పెద్దలే" అన్నాడు. భూమేశ్వర్ ఆ మూలనున్న కాగితాల కట్టను కాలితో పక్కకు జరిపాడు.

అక్కడి నుండి చేను దాకా ఆమె నడవలేదు, పరుగెత్తింది. దూరం నుండే ఆవిరి కనిపించింది, తెల్లగా, పొద్దు గూకే వెలుతురులో పచ్చగా. రామవ్వ కాళ్లు కళ్ల ముందు ఆడాయి. కడాయి అవతల గంగాకిషన్, ఇంకో ఇద్దరు కళ్లంలో పసుపు పరుస్తున్నారు, ఇటు వీపు తిప్పి. పొయ్యి ముందు లసుమవ్వ. ఆమె వెనక మట్టిలో గంగామణి పుల్లతో గీతలు గీస్తోంది.

పిల్ల నడుముకు పాత చీర కొంగు కట్టి ఉంది. ఆ చీర రెండో కొస ఎటు పోయిందా అని చూసింది నీలవ్వ. చెట్టుకు లేదు, మంచానికి లేదు. లసుమవ్వ నడుముకు ఉంది. సరిగ్గా ముసలామె వీపు దాకా వచ్చేంత పొడవు, అంతకు ఒక్క జానెడు ఎక్కువ లేదు. పిల్ల అటు గుంజినప్పుడల్లా ముసలామె ఇటు ఊగుతోంది. ఆకు తోస్తోంది, ఊగుతోంది.

నీలవ్వ వంగి ముడి విప్పింది. రవిక కింద లసుమవ్వ నడుము చుట్టూ చర్మం లేచిపోయి, ఎర్రగా పుండు కట్టి ఉంది. ఒక్కరోజుది కాదు.

"అత్తమ్మా, గిదేంది?"

"ఏమున్నది. పొద్దంత గుంజుతది నీ బిడ్డ, ఊకుంటదా?" లసుమవ్వ మంట వైపే చూస్తోంది. "నా రెండోదాన్ని చెట్టుకు కట్టిన అప్పట్ల. ముడి ఊడింది. ముడి ఏసింది నేనే అని ఎవ్వలకు చెప్పలే నేను. కడుపుల్నె వెట్టుకున్న." కాసేపు ఆకు తోసింది. "గందుకే గీసారి నాకే కట్టుకున్న. గది పడితె నేను గూడ పడుతా అని."

ముగ్గుర్ని పెంచానని రోజూ అనే ఆ అత్త నలుగురిని కన్నదని నీలవ్వకు ఆ పొయ్యి ముందు తెలిసింది. ఆరేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే భయంతో, ఒకరినొకరు పొద్దున్నే గడపలో నిలబడి పొడుచుకుంటున్నారు. పుండుకు రాయడానికి కొబ్బరి నూనె తెమ్మని మొగుణ్ణి పిలిచింది. గంగాకిషన్ చేతులు దులుపుకుంటూ వచ్చాడు.

"ఆరైంది. గిప్పుడు యాదికొచ్చిందా పిల్ల?" అన్నాడు.

ఆ మాటను ఆమె దేనికీ అతకలేదు. "రేపటి సంది పిల్ల నాతోని వస్తది" అంది. "అత్తమ్మ నీడపట్టున కూసుంటది. పొయ్యి కాడ నువ్వు కూసో."

"మొగోడు మంట కాడ కూసుంటడా? నలుగురు నవ్వుతరే!"

"పొద్దుగాల నన్ను జూసి గూడ నవ్విన్రు. ఏం గాలే. మంటకేం తెలుస్తది, ముంగట కూసున్నది ఎవలో?"

లసుమవ్వ నోట్లో ఒక చిన్న నవ్వు వచ్చి, పొగకు దగ్గుగా మారింది.

మర్నాడు మడిగె మూలన చాప పడింది. గంగామణి పాత చిట్టీల మీద పుల్లకు బదులు పెన్సిల్‌తో గీస్తోంది. చిట్టీ ముందు వచ్చే ఎక్కువ గీతను నీలవ్వ ఆ మధ్యాహ్నమే తీసేసింది. మడిగె ఇప్పుడు భూమేశ్వర్ ఊడ్చుకుంటున్నాడు, మూలలు వదిలేసి. గంగాకిషన్ పొయ్యి ముందు కూర్చున్నాడు, మొదటి రోజు గొణుక్కుంటూ, రెండో రోజు తలకు తువ్వాల చుట్టుకుని ఎవరూ పోల్చుకోకుండా, మూడో రోజు మామూలుగానే. నాలుగో రోజు కూర్చున్నాడో లేదో నీలవ్వకు తెలియదు. అడిగితే, "కూసున్న లే" అన్నాడు. లసుమవ్వను అడిగితే, "నాకేమైతది, నీ పని నువ్వు సూసుకో" అంది. ఆమె నొప్పి చెప్పుకునే మనిషి కాదని ఇప్పుడు మనకు తెలుసు కదా. పసుపు ఉడకడం ఇంకా ఇరవై రోజులు ఉంది. ఈ నెలలో మీరెవరైనా ఆర్మూర్ దిక్కు పోతే, దారి పక్క చేనులో ఆవిరి లేస్తుంటే, దయచేసి ఒక్క నిమిషం ఆగండి. పొయ్యి ముందు ఒక ముసలామె కూర్చుని ఉంటే, పేరు లసుమవ్వ అంటే, ఆమె నడుము పుండు మానిందా లేదా చూసి రండి. నోటితో అడిగితే చెప్పదు. చూడాలి.